బోటులో పుట్టిన పిల్లాడికి పుట్టిన ఊరు ఏం రాయాలి?

ఉప్పుగాలి (ప్రశ్న):

మేం ఉండేది తవావులో. మలేషియా అనగానే అందరూ కౌలాలంపూర్ అనుకుంటారు. ఇది అటు కాదు, బోర్నియో దీవిలో సబా రాష్ట్రం. మా ఆయన పామాయిల్ మిల్లులో ఇంజనీరు. వచ్చి నాలుగేళ్లయింది. రెండు వారాలకోసారి శనివారం తెల్లారకుండానే బయల్దేరి చేపల కోసం సెంపోర్నా వెళ్తాం. కారులో గంటన్నర దారి.

అక్కడ జెట్టీ దగ్గరికి ఒక పిల్లాడు బోటులో వస్తాడు. పదకొండేళ్లుంటాయేమో. వెనక వాళ్లమ్మ తెడ్డు వేస్తుంది. వీడు ముందు గొంతుక్కూర్చుని, ఇంజనాయిల్ డబ్బాని అడ్డంగా కోసి చేసిన చిప్పతో బోటులోకి ఊరే నీళ్లు తోడి పోస్తుంటాడు. నాతో బేరమాడుతున్నంతసేపూ ఆ చెయ్యి ఆగదు. నాలుగు తోడులు, ఒక మాట. మళ్లీ నాలుగు తోడులు, ఒక మాట. వీళ్లని బజావు లావుత్ అంటారు. తరతరాలుగా బోట్లలోనే పుట్టి, బోట్లలోనే బతికిన జనం. ఇప్పుడు చాలామంది నీళ్లలో కర్రలు పాతి కట్టుకున్న గుడిసెల్లో ఉంటున్నారు.

పోయిన నెల చిల్లర తీస్తుంటే నా పర్సులోంచి పాస్‌పోర్టు జిరాక్స్ జారి వాళ్ల బోటులో పడింది. దారిలో ఆపి అడుగుతారని ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటాను. వాడు తడి చేతులు చొక్కాకి తుడుచుకుని మరీ తీసిచ్చాడు. ఫొటో చూసి "ఇదెందుకు?" అన్నాడు. పోలీసులు ఆపితే చూపించడానికి అని నాకొచ్చిన మార్కెట్ మలయ్‌లో చెప్పాను. "మమ్మల్ని ఆపితే మేం నీళ్లలోకి దూకేస్తాం" అన్నాడు నవ్వుతూ. వాళ్లమ్మ నవ్వలేదు.

అప్పట్నుంచి మనసు మనసులో లేదు. నేను నిన్నగాక మొన్న వచ్చినదాన్ని, నాకు కాగితం ఉంది. వాడు పుట్టింది ఇక్కడే, వాళ్లమ్మ పుట్టిందీ ఇక్కడే. ఇద్దరికీ బర్త్ సర్టిఫికెట్ లేదు, కార్డు లేదు. అందుకని గవర్నమెంటు బడిలో చేర్చుకోలేదు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఫారం నింపడం, సాక్షి సంతకం లాంటివి అవసరమైతే నేను చేయగలనా? ఊరికే జాలిపడి వదిలేయడం నావల్ల కావట్లేదు.

కేఎల్_రాజు:

మేడమ్, వాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లు. అక్కడ గొడవలొస్తే ఇటు వచ్చేశారు. ఇక్కడ పలావ్ అంటారు వాళ్లని. వచ్చినవాళ్లందరికీ కార్డులిచ్చుకుంటూ పోతే దేశం ఏమవుతుంది? పైగా మీరు డిపెండెంట్ పాస్ మీద ఉన్నారు. ఇందులో తలదూరిస్తే మీ ఆయన ఉద్యోగానికి ఎసరొస్తుంది. చేపలు కొనుక్కుని ఇంటికి రండి.

బాగన్‌దాతో_బిడ్డ:

రాజుగారూ, ముందు ఆ పలావ్ అన్న మాట మానండి. మనకి తినేదాని పేరులా వినిపిస్తుంది గానీ సబాలో అది తక్కువచేసి పిలిచే మాట.

ఉప్పుగాలి అక్కా, నేను మలేషియాలోనే పుట్టినదాన్ని, పేరాక్‌లో బాగన్ దాతో తెలుగు కుటుంబం. ఇపోలో ఒక లాయర్ దగ్గర క్లర్కుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పౌరసత్వం ఫైళ్లు చాలా చూశాను కాబట్టి నాకు అర్థమైనంత చెప్తాను.

రాజుగారు రెండు గుంపుల్ని కలిపేశారు. 1970ల్లో దక్షిణ ఫిలిప్పీన్స్‌లో యుద్ధం వచ్చి వేలమంది సబాకి పారిపోయి వచ్చిన మాట నిజమే. వాళ్లని శరణార్థులుగా గుర్తించి ఐఎంఎం13 అనే పాస్ ఇచ్చారు. బజావు లావుత్ కథ వేరు. వాళ్లు ఫిలిప్పీన్స్ వైపు సులు సముద్రానికీ సబా తీరానికీ మధ్య తిరుగుతున్నప్పుడు అక్కడ గీతే లేదు. 1885లో మాడ్రిడ్‌లో బ్రిటన్, జర్మనీ, స్పెయిన్ కూర్చుని ఇటుది నీది, అటుది నాది అని పంచుకున్నాయి. నీళ్ల మీద ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తర్వాత అటు మనీలా, ఇటు కౌలాలంపూర్. మధ్యలో వీళ్ల బోటు.

ఇక చట్టం. మలేషియా రాజ్యాంగం 14వ అధికరణ, దాని వెంబడి రెండో షెడ్యూలు రెండో భాగం. ఈ గడ్డ మీద పుట్టి, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే బిడ్డ పౌరుడు. అక్కడే ఇంకో చిన్న వాక్యం ఉంది. ఇక్కడ పుట్టి, ఏ దేశపు పౌరుడూ కాకుండా పుట్టినవాడు కూడా పౌరుడే. చదివితే మీ పిల్లాడి కోసమే రాసినట్టుంటుంది. చిక్కల్లా రుజువులో ఉంది. నేను ఫలానా దేశపు పౌరుణ్ణి అని చూపించాలంటే కాగితం తెస్తాం. నేను ఏ దేశపు పౌరుణ్ణీ కాదు అని చూపించడానికి ఏ ఆఫీసుకి వెళ్లి ఏ కాగితం తేవాలి? ఫిలిప్పీన్స్ వాళ్లేమో తల్లిదండ్రుల కాగితం తెమ్మంటారు. ఆ తల్లిదండ్రులూ బోటులో పుట్టినవాళ్లే.

అలాగని సబా జనాన్ని రాతిగుండె వాళ్లనుకోకండి. 1970లో సబా జనాభా ఆరున్నర లక్షలు. 2010 లెక్కల నాటికి 32 లక్షలు. ఓట్ల కోసం బయటివాళ్లకి దొంగతనంగా నీలం కార్డులు, అంటే పౌరుల గుర్తింపు కార్డులు పంచారని ఇక్కడ ఇంటింటా చెప్పుకుంటారు, దాన్ని ప్రాజెక్ట్ ఐసీ అంటారు (ఐసీ అంటే ఐడెంటిటీ కార్డు). దాని మీద రాయల్ కమిషన్ వేసి, 2013లో సాక్షుల్ని విచారించి, 2014లో రిపోర్టు బయటపెట్టారు. అందుకే కార్డు అన్న మాటెత్తితే సబావాళ్లు ఉలిక్కిపడతారు. ఐఎంఎం13, బురుంగ్ బురుంగ్ కార్డు (బురుంగ్ అంటే పిట్ట, మావాళ్లు పిట్టల కార్డంటారు), జనగణన రశీదు, ఈ పాత కాగితాలన్నీ తీసేసి ఒకే తాత్కాలిక పాస్ ఇద్దామని ప్రభుత్వం ప్రయత్నించింది. 2020 జనవరిలో కిమానిస్ ఉపఎన్నిక మొత్తం దాని మీదే నడిచింది. అధికార పార్టీ ఓడిపోయింది, పాస్ అటకెక్కింది. దొంగ కార్డు పొందినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. దాని దెబ్బ ఏ కార్డూ లేని పిల్లాడికి తగిలింది.

అక్కా, ఏప్రిల్‌లో సెంపోర్నాలో రెగటా లెపా చూశారా? వాళ్ల లెపా బోట్లకి రంగురంగుల తెరచాపలు కట్టి, వాటి మీద అమ్మాయిలు డాన్సు చేస్తారు. 1994 నుంచి జరుగుతోంది, టూరిస్టులు ఎగబడతారు. అదే సెంపోర్నాలో 2024 జూన్‌లో మెరైన్ పార్కు పరిధిలో ఉన్నాయని 138 గుడిసెలు కూల్చేశారు, కొన్ని కాల్చేశారు. భద్రత కోసం అన్నారు. బోటు పండగకి పనికొస్తుంది, బోటులో మనిషే పనికిరాడు.

మా అమ్మమ్మ ఎస్టేట్ లైన్లలో, అంటే తోట కూలీల ఇళ్లలో పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ లేదు. చచ్చిపోయేదాకా ఎర్ర కార్డే, అంటే శాశ్వత నివాసి, పౌరురాలు కాదు. ఓటుండేది కాదు. ఎన్నికల రోజు మా ఇంట్లో అందరూ వేలికి సిరా పూయించుకుని వస్తే ఆవిడ ఒక్కొక్కరి వేలూ పట్టుకుని చూసేది. అంచేత రాజుగారూ, ఎవరిది ఏ దేశం అని మనం తేల్చే ముందు మన ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

అక్కా, మీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. జాలితో ఆ పిల్లాణ్ణి కారెక్కించుకుని నేరుగా ఆఫీసుకి తీసుకెళ్లొద్దు. కాగితం లేనివాళ్లని ఇమిగ్రేషన్ చట్టం కింద పట్టుకుని లోపల పెట్టొచ్చు. ముందు లాయరు, తర్వాతే ఆఫీసు. డబ్బిస్తే కార్డు చేయిస్తానని ఏజెంట్లు వస్తారు, వాళ్ల నీడ కూడా పడనివ్వకండి. ఆ పిల్లాడి ఫొటో ఎక్కడా పెట్టకండి.

కేఎల్_రాజు:

అమ్మమ్మ గురించి చదివాక నోరు పెగల్లేదు. పలావ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉద్యోగం గురించి అన్నది మాత్రం మంచికే అన్నాను.

అండమాన్_ఒడ్డు:

ఉప్పుగాలి గారూ, నేను ఉండేది థాయ్‌లాండ్‌లో, అండమాన్ సముద్రం వైపు, ఫాంగ్ ఙా ప్రావిన్సు. 2003లో ఖావో లాక్‌లో ఒక హోటల్లో స్టోర్ చూసుకునే పనికి వచ్చాను. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చాక ఆ హోటలు లేదు. గట్టున ఆపి ఉంచిన పాత పికప్ బండి మాత్రం మిగిలింది. అదే నన్ను ఇందులోకి లాగింది. నేను లాయర్ని కాదు, సంఘసేవకుణ్ణీ కాదు. బండి ఉంది కాబట్టి డ్రైవర్నయ్యాను, అంతే.

ఇక్కడా మీ బజావుల లాంటి వాళ్లే ఉన్నారు. మోకెన్, మోక్లెన్, ఉరక్ లవోయ్ అని మూడు తెగలు. అందర్నీ కలిపి చావో లే అంటారు, అంటే సముద్రపు మనుషులు. పేపర్లలో సీ జిప్సీలు అని రాస్తారు. వాళ్లకి ఆ పేరు నచ్చదు. సునామీ రోజు సురిన్ దీవుల్లో మోకెన్ పెద్దలు నీళ్లు వెనక్కి పోవడం చూసి, తాతల నాటి కథల్లో విన్న లబూన్ అల ఇదేనని పోల్చుకున్నారు. కేకలేసి జనాన్ని కొండెక్కించారు. దాదాపు ఊరంతా బతికింది. ప్రపంచంలో ఉన్న టీవీలన్నీ వచ్చాయి. కెమెరాలు వెళ్లిపోయాక నష్టపరిహారం లైన్లు మొదలయ్యాయి. లైనులో ముందు అడిగేది కార్డు. మోకెన్లలో చాలామందికి కార్డు లేదు. అలని గుర్తుపట్టినవాళ్లు వాళ్లు. వాళ్లని గుర్తుపట్టే కాగితం మాత్రం లేదు.

థాయ్‌లాండ్‌లో ప్రతి మనిషికీ 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె చూస్తే మనిషి కథ సగం తెలిసిపోతుంది. 2005 జనవరిలో కేబినెట్ ఒక విధానం ప్రకటించాక, ఏ హోదా లేనివాళ్లని కూడా లెక్కలోకి తీసుకుని సున్నాతో మొదలయ్యే నంబరు ఇవ్వడం మొదలుపెట్టారు. సున్నా అంటే నువ్వున్నావని మాకు తెలుసు, ఎవరివో మాత్రం ఇంకా తేలలేదు అని. సున్నా ఉన్నవాళ్లు ప్రావిన్సు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. జన్మంతా బర్మా నుంచి ఫుకెట్ దాకా గాలివాటున తిరిగిన మనిషికి బస్సెక్కడానికి చీటీ!

ఒక ముసలాయన్ని నేను పదకొండు సార్లు ఆఫీసుకి తీసుకెళ్లాను. ఆయన సురిన్ నుంచి ఖురా బురి రేవుకి రావాలి, సముద్రం మీద 60 కిలోమీటర్లు. మే సగం నుంచి అక్టోబర్ సగం దాకా గాలివాన కాలం, పార్కు మూసేస్తారు, చిన్న బోట్లు దాటలేవు. ఒకసారి జులైలో రమ్మని తేదీ ఇచ్చారు. రాలేదు. రాలేదని ఫైలు అడుక్కి పోయింది.

మొదటిసారి వెళ్లినప్పుడు పుట్టిన తేదీ అడిగారు. ఆయన మోకెన్‌లో చెప్తే, మనవరాలు దక్షిణాది యాసలోకి మార్చింది, నేను దాన్ని ఆఫీసు భాషలోకి సర్దాను. గాలి మారే రోజుల్లో పుట్టాడట. ఏ సంవత్సరం? తగరం తవ్వే పెద్ద పడవ మొదటిసారి కనపడిన ఏడు. గుమస్తా మంచివాడే. కాసేపు కిటికీలోంచి బయటకి చూసి జనవరి 1 అని కొట్టాడు. నేను తీసుకెళ్లినవాళ్లలో సగం మందికి జనవరి 1నే పుట్టినరోజు.

తర్వాత సాక్షి. పుట్టినప్పుడు చూసినవాళ్లు కావాలి. చూసినవాళ్లున్నారు గానీ వాళ్లకీ కార్డు లేదు. కార్డు లేని సాక్షి చెల్లడు. సాక్షి సంతకం నేను చేయగలనా అని మీరు అడిగారు. మీరు చూడందానికి మీరు సాక్షి కాలేరు. దయచేసి పెట్టకండి, పిల్లాడి ఫైలుకే ముప్పు. మీరు చేయగలిగింది వేరే ఉంది, చివర్న చెప్తాను.

ఆ ముసలాయన సున్నాతోనే పోయాడు. మనవరాలికి మాత్రం వచ్చింది. ఆ రోజు రేవు దగ్గర కార్డు నాకు చూపించి, మొదటి అంకె మీద గోటితో టకటకా కొట్టింది. "సున్నా పోయింది" అంది. అంతకన్నా ఏం మాట్లాడలేదు. ఆ గోరు చప్పుడు నాకింకా గుర్తే.

ఇప్పుడు చేదు సంగతి. కార్డు వచ్చాక కథ సుఖాంతం అనుకుంటాం కదా. మోక్లెన్, ఉరక్ లవోయ్‌లలో ఎక్కువమందికి ఎప్పుడో పౌరసత్వం వచ్చింది. థాయ్ మై, అంటే కొత్త థాయ్‌లు అని పేరు కూడా పెట్టారు. వందల ఏళ్లుగా ఉన్నవాళ్లు కొత్తవాళ్లెలా అయ్యారో నాకెప్పటికీ అర్థం కాదు. పౌరసత్వమైతే వచ్చింది గానీ భూమి పోయింది. సముద్రం ఒడ్డు ఎవరి సొంతమూ కాదన్నది వాళ్ల లెక్క, పట్టాలు రాయించుకోవాలని వాళ్లకి తోచలేదు. తోచినవాళ్లు రాయించుకున్నారు.

లిపె దీవి సంగతి చెప్పాలి, ఇది వింటే మీకు ఒళ్లు మండుతుంది. 1909లో సయాం (థాయ్‌లాండ్ పాత పేరు), బ్రిటన్ సరిహద్దు ఒప్పందం చేసుకుంటున్నప్పుడు ఆ దీవులు సయాంవే అనడానికి అక్కడ మనుషులు ఉండాలి కదా. ఉరక్ లవోయ్‌లని అక్కడ స్థిరపడమని అధికారులే ప్రోత్సహించారు. వాళ్లు ఉన్నారు కాబట్టే ఆ దీవులు ఇవాళ థాయ్ పటంలో ఉన్నాయి. అంటే సరిహద్దు రాళ్లలా నిలబడింది వాళ్లే. 1974లో తరుతావ్ నేషనల్ పార్కు వచ్చింది. తర్వాత రిసార్టులు వచ్చాయి. ఇప్పుడు వాళ్ల పిల్లలు బడికి వెళ్లే దారికే కంచె పడి గొడవైంది. రాజ్యానికి అవసరమైనప్పుడు వాళ్లెవరో చక్కగా తెలిసింది.

ఇక ఫుకెట్‌లో రవాయ్ బీచ్. అక్కడ కొంత స్థలానికి ఒక కంపెనీ పట్టా చూపించింది. 2016 జనవరిలో మనుషుల్ని దింపి, వాళ్ల పూజా స్థలానికి వెళ్లే దారికి బండరాళ్లు అడ్డం వేశారు, కొట్లాటలో చాలామందికి దెబ్బలు తగిలాయి. అదే ఊళ్లో ఇళ్లు ఖాళీ చేయమని వేరే కేసు నడిచింది. అందులో చావో లేల తరఫున ఏం చూపించారో వినండి. 1959లో భూమిబోల్ రాజు ఆ ఊరికి వచ్చినప్పుడు తీసిన ఫొటో. బడి హాజరు పట్టీ, అందులో తాతల పేర్లు. ఇళ్ల కింద తవ్వితే దొరికిన ఎముకలు, వాటికి చేసిన డీఎన్‌ఏ పరీక్ష. 2017లో కోర్టు వాళ్లవైపు తీర్పిచ్చింది. ఒక ఊరు తన ఉనికి నిరూపించుకోవడానికి తాతల ఎముకలు తవ్వి చూపించాల్సి వచ్చింది.

ఉప్పుగాలి గారూ, నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ బడి హాజరు పట్టీ రాసిన మాస్టారు ఇదెప్పుడో కోర్టులో నిలబడుతుందని రాయలేదు. ఆ పొద్దు ఎవరొచ్చారో రాసుకున్నాడు. నోటి మాటకి ఆఫీసులో విలువ లేదు, ఎప్పుడో ఎవరో రాసి పెట్టినదానికి ఉంది. మీరు సాక్షి కాలేరు, కానీ రాయగలరు. ఆ తల్లి దగ్గర కూర్చోండి. పిల్లాడు ఎప్పుడు పుట్టాడు, మంత్రసాని ఎవరు, బోటు ఎక్కడ కట్టి ఉంది, అన్నీ ఒక పుస్తకంలో రాయండి, రాసిన రోజు తేదీ వేయండి. ఏళ్లు అడగకండి, చెప్పలేరు. సంఘటనలు అడగండి. 2013లో లహద్ దతులో సులు నుంచి సాయుధులు దిగి కాల్పులు జరిగాయి, 2014 నుంచి మీ తూర్పు సముద్రంలో రాత్రి కర్ఫ్యూ ఉంది. అంతకు ముందా, తర్వాతా అని అడిగితే ఏడు దొరుకుతుంది. క్లినిక్‌లో టీకా చీటీ ఏదైనా ఉందేమో చూడండి. దీవుల్లో స్వచ్ఛందంగా నడిచే బడులు ఉన్నాయి, అక్కడ పిల్లాడి పేరు ఒక్క రోజు హాజరులో పడినా అదొక కాగితం.

ఇక్కడ 2024 అక్టోబర్‌లో కేబినెట్ దాదాపు 4 లక్షల 80 వేల మందికి హోదా తొందరగా తేల్చాలని తీర్మానించింది. ఎక్కువమంది కొండజాతులవాళ్లు. మోకెన్లకి అందులో ఎంత అందుతుందో నా బండి తిరిగే ట్రిప్పులు లెక్కేసుకుంటున్నాను. పోయిన నెలలో మూడు.

లోతునీళ్లు:

చాలా మంచి చర్చ. బజావుల మీద ఒక రీసెర్చ్ చదివాను. తరతరాలుగా డైవింగ్ చేయడం వల్ల వాళ్ల ప్లీహం పక్క ఊరివాళ్ల కన్నా 50 శాతం పెద్దదని 2018లో తేల్చారు. మోకెన్ పిల్లలకి నీళ్ల అడుగున చూపు యూరప్ పిల్లల కన్నా రెట్టింపు స్పష్టంగా ఉంటుందట. ఇలాంటి అరుదైన జాతిని కాపాడుకోవాలి కదా!

అండమాన్_ఒడ్డు:

లోతునీళ్లు గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు. కానీ చూడండి, వాళ్ల ప్లీహం ఎన్ని సెంటీమీటర్లో లెక్క ఉంది, పుట్టిన తేదీకి లెక్క లేదు. వాళ్లు అరుదైన చేపలేం కాదండీ. చూపు బాగున్నా లేకపోయినా కార్డు రావాలి.

అన్నట్టు ఆ ప్లీహం పరీక్షలు చేసింది ఇండోనేషియాలో, సులవేసి వైపు. అక్కడ నీళ్ల మీద ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డ బజావులు చాలావరకు పౌరులే, ఓటు వేస్తారు. అదే దేశంలో 2014 నవంబర్‌లో బెరౌ తీరంలో, బోట్లలో తిరుగుతున్న బజావులని 500 మందికి పైగా పట్టుకుని గట్టున గుడారాల్లో ఉంచారు, విదేశీయులని. దగ్గరి భాషలు మాట్లాడేవాళ్లు. కర్రలు పాతుకున్నవాడు పౌరుడు, లంగరు వేసినవాడు చొరబాటుదారుడు.

ఉప్పుగాలి:

అందరికీ ముందు నమస్కారం. రాజుగారూ, మీ మాట కూడా విన్నాను. మా ఆయనతో మాట్లాడాకే కదిలాను. ఆయన ఒకటే షరతు పెట్టారు, నేనూ వస్తానని.

నిన్న శనివారం వెళ్లాం. 200 పేజీల గీతల నోట్‌బుక్ కొన్నాను. వాళ్లమ్మ మొదట దగ్గరికి రాలేదు. నోట్‌బుక్ చూసి సర్వే అనుకుందట. సర్వేవాళ్లు వచ్చి వెళ్లాక కొన్నాళ్లకి కూల్చేవాళ్లు వస్తారని భయం. పిల్లాడే వెళ్లి ఏదో చెప్పాడు. బోటు తాడు మెట్టుకి కట్టి ఆవిడ వచ్చి కూర్చుంది.

మీరన్నట్టే ఏడు అడగలేదు. కర్ఫ్యూ గురించి అడిగాను. రాత్రి వేటకి వెళ్లడం ఆగిపోయిన కొత్తల్లో వీడు కడుపులో ఉన్నాడు అంది వెంటనే. ఆకలి గుర్తున్నంతగా సంవత్సరాలు గుర్తుండవు కదా. అంటే 2014 చివరో 2015 మొదలో. నా అంచనా సరిగ్గానే ఉంది, పదకొండేళ్ల వాడే. పిల్లాడు పక్కన కూర్చుని నేను రాస్తుంటే పెన్ను వైపే చూస్తున్నాడు. బోటులో నీళ్లు ఊరుతున్నాయి, మా ఆయన దిగి చిప్ప తీసుకుని తోడారు. నాలుగు తోడులకే నడుం పట్టుకున్నారు. అప్పుడు మొదటిసారి ఆవిడ నవ్వింది.

మంత్రసాని బతికే ఉంది. ఆవిడకి వరసకి అత్త అవుతుంది. ఆ ముసలావిడ దగ్గర ఏదో పాత కాగితం ఉందట, ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూడు ముళ్లు వేసి చూరులో పెట్టుకుందట. సురత్ లెపా లెపా అంటే ఏమిటి?

బాగన్‌దాతో_బిడ్డ:

అక్కా! సురత్ అంటే కాగితం, లెపా వాళ్ల బోటు. పడవ చీటీ అనుకోండి. ఈ బోటు జనం ఇక్కడివాళ్లేనని ఒకప్పుడు ఇచ్చిన కాగితం. దానితో పౌరసత్వం రాదు. కానీ ఇంతమంది దగ్గర ఏ కాగితమూ లేనిచోట అది బంగారం. అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి, ఎవరొచ్చి జిరాక్స్ తీసిస్తామన్నా సరే. లామినేషన్ చేయించొద్దు. మీరే అక్కడికి వెళ్లి, రెండు వైపులా ఫొటో తీసి దాచండి. ఎక్కడా పెట్టొద్దు. కోట కినబాలులో ఇలాంటి ఫైళ్లు చూసే లాయరు వివరాలు మీకు మెసేజ్ చేస్తాను.

ఉప్పుగాలి:

చేస్తాను. మెసేజ్ అందింది, థాంక్స్ చెల్లీ.

ఇంకో చిన్న చిక్కు. పుట్టిన ఊరు అన్న దగ్గర ఆగిపోయాం. ఓమదల్ దీవికీ ఇంకో చిన్న దీవికీ మధ్య, బోటు నడుస్తుండగా పుట్టాడట. గట్టుకి చేరేలోపే అయిపోయింది అంది. నేను నోట్‌బుక్‌లో రెండు దీవుల పేర్లూ రాశాను.

బాగన్‌దాతో_బిడ్డ:

నోట్‌బుక్‌లో జరిగింది జరిగినట్టే ఉంచండి అక్కా. కానీ ఫారంలో ఆ గడి ఒక్కటే, రెండు పేర్లు రాస్తే తిరగ్గొడతారు. లాయర్ని అడిగి, మంత్రసాని ఆ రోజు ఏ దీవిలో ఉందో ఆ పేరు రాయొచ్చేమో చూడండి.

ఉప్పుగాలి:

అదీ అడిగాను. ఆవిడా అదే బోటులో ఉందట.